ఓపెన్‌ఎల్‌డాప్‌తో ఏడేళ్లు: అడ్మిషన్లు వచ్చాయంటే సర్వర్‌కి ఆయాసమే

మా ఇంజినీరింగ్ కాలేజీలో వైఫై, మెయిల్, ల్యాబ్ లాగిన్లు అన్నీ ఓపెన్‌ఎల్‌డాప్ మీదే నడుస్తాయి. అందరి పేర్లు, పాస్‌వర్డ్‌లు ఒకేచోట ఉంచి లాగిన్లు సరిచూసే సాఫ్ట్‌వేర్ అది. ఏడేళ్లుగా దాన్ని చూసుకుంటున్నది నేనే. మామూలు రోజుల్లో అదొకటి ఉందనే గుర్తుండదు. 4 జీబీ వర్చువల్ మెషీన్‌లో దాని పాటికి అది పడి ఉంటుంది. అడ్మిషన్లప్పుడే అసలు కథ.

మొదటి ఏడాది కొత్త విద్యార్థులను స్క్రిప్టుతో ఒక్కొక్కరిగా 'స్టూడెంట్స్' గ్రూపులోకి ఎక్కించాను. కాసేపటికే, మొదటిదానికి నకలుగా పెట్టిన రెండో సర్వర్‌లో ప్రాసెసర్ పూర్తిగా బిగుసుకుపోయింది. ల్యాబ్‌లో పిల్లలు పాస్‌వర్డ్ కొట్టి స్క్రీన్ వంక చూస్తూ కూర్చున్నారు. ఏ ప్రోగ్రామ్ ఎంత మెమరీ వాడుతోందో చూపే టాప్ కమాండ్‌లో స్లాప్‌డీ (ఓపెన్‌ఎల్‌డాప్ సర్వర్ ప్రోగ్రామ్) పక్కన మెమరీ అంకె చూసేసరికి నాకు చెమటలు పట్టాయి. ర్యామ్ రెట్టింపు చేశాను. ఏమీ మారలేదు.

ఆ మెమరీ టెన్షన్ దండగ. ఓపెన్‌ఎల్‌డాప్ డేటాను దాచే ఎండీబీ, తన డేటాబేస్ ఫైలును నేరుగా మెమరీలోకి మ్యాప్ చేసుకుంటుంది. టాప్‌లో కనిపించేదాంట్లో చాలా భాగం పేజీ క్యాషే (డిస్క్‌లోని ఫైలుకి మెమరీలో ఉంచిన నకలు), అవసరమైతే కెర్నెల్ వెనక్కి లాక్కుంటుంది. అసలు దొంగ ఆ గ్రూపు. వేలమంది ఉన్న ఎంట్రీలో (రికార్డులో) ఒక్క పేరు చేర్చినా, మామూలు సింక్‌రెప్ల్ (మార్పులను రెండో సర్వర్‌కి చేరవేసే పద్ధతి) ఆ ఎంట్రీ మొత్తాన్నీ రెండో సర్వర్‌కి మళ్లీ పంపుతుంది. పెళ్లికి ఒక చుట్టం పెరిగాడని శుభలేఖలన్నీ మళ్లీ అచ్చు వేయించినట్టు! పైగా ఆ పని వేలసార్లు.

డెల్టా సింక్‌రెప్ల్‌కి మారాక మారిన ముక్క మాత్రమే వెళ్తోంది. పేర్లను కూడా 500 చొప్పున ఒకే మార్పుగా పంపుతున్నాను. ఎంట్రీ ఎప్పుడు మారిందో చెప్పే ఎంట్రీసీఎస్ఎన్, దాని గుర్తింపు సంఖ్య అయిన ఎంట్రీయూయూఐడీలకు త్వరగా వెతకడానికి కావాల్సిన ఇండెక్సులు లేవని కూడా అప్పుడే బయటపడింది, ఆ తప్పు నాదే. త్వరగా అయిపోతుందని ఒకసారి పది కనెక్షన్లు తెరిచాను. ఎండీబీలో ఒకసారికి రాసేది ఒక్కరే, మిగతా తొమ్మిదీ క్యూలో నిలబడ్డాయి.

చిరాకులు లేకపోలేదు. డెల్టాకి మార్పులన్నీ రాసిపెట్టే యాక్సెస్‌లాగ్ అని ఇంకో డేటాబేస్ పెట్టాలి, పాత లాగ్ తీసేసే గడువు ఇవ్వకపోతే అది పెరుగుతూనే ఉంటుంది. ఎండీబీకి ఇచ్చిన గరిష్ఠ సైజు నిండితే కొత్త మార్పులు ఆగిపోతాయి. ఈ రెండూ ముందే చూసుకుంటే, చిన్న సంస్థలకు నేను కళ్లు మూసుకుని ఇదే చెబుతాను.

కొత్త బ్యాచ్ స్క్రిప్టును మాత్రం ఇప్పటికీ రాత్రి 11 తర్వాతే నడుపుతున్నాను. హాస్టల్ పిల్లలు ఎక్కువగా లాగిన్ అయ్యేది సరిగ్గా అప్పుడేనని ఈమధ్య లాగ్‌లో చూశాను. తెల్లవారుజాము 4కి మార్చాలి.