నీలి గడ్డం హెర్క్యులీస్ దగ్గర మా నాయిన

మా నాయిన గోదావరిఖనిలో ముప్పై ఏళ్లు బొగ్గు బాయి, అంటే గని, దిగి ఎక్కిన మనిషి. మొన్న మేలో మ్యూనిక్‌లో నా దగ్గరికి వస్తే కోటలు, సరస్సులు తిప్పాను. నన్ను నొప్పించకుండా అన్నీ చూశాడు. నాలుగో రోజు మాత్రం ఉండబట్టలేక అడిగాడు: "ఇక్కడ బొగ్గు బాయిలు లేవా బిడ్డా?"

ఉండేవి, భూమి లోపలికి దిగే బొగ్గు గనులు ఇప్పుడు అన్నీ మూతపడ్డాయి. ఆఖరిది బొట్రోప్‌లోని ప్రోస్పర్-హానియల్, 2018 డిసెంబరులో ఆపేశారు. అయినా మూడు రోజులు సెలవు పెట్టి, ఆ పాత గనులుండే పశ్చిమ జర్మనీలోని రూర్ ప్రాంతానికి రైలెక్కాం.

బస ఎస్సెన్‌లో, మెయిన్ స్టేషన్‌కి నడిచే దూరంలో. ట్రాములన్నీ అక్కడి నుంచే కాబట్టి చోటు మంచిదే. హోటల్ పేరు చెప్పను. రాత్రి పదింటికి చేరేసరికి రిసెప్షన్‌లో మనిషి లేడు. తలుపు కోడ్ మెయిల్‌లో వస్తుందన్నారు, రాలేదు. నలభై నిమిషాలు మెట్ల మీద కూర్చున్నాం. నాకు టెన్షన్, నాయిన మాత్రం సంచిలోంచి సకినాలు తీశాడు. పెద్దవాళ్లతో వెళ్తే రాత్రి కూడా రిసెప్షన్ ఉండే హోటల్ చూసుకోండి, పది యూరోలు ఎక్కువైనా సరే.

మొదటి రోజు త్సోల్‌ఫెరైన్. స్టేషన్ నుంచి 107 నంబరు ట్రాము నేరుగా వెళ్తుంది. 1986లో మూసిన గని, 2001లో యునెస్కో జాబితాకెక్కింది. బొగ్గు కడిగే ప్లాంటును రూర్ మ్యూజియంగా మార్చారు. నారింజ రంగులో వెలిగే పొడవాటి ఎస్కలేటర్ మీద లోపలికి పోవాలి. యంత్రాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. "మన సీఎస్పీ అసుంటిదే, దుమ్ము లేదంతే" అన్నాడు నాయిన. సీఎస్పీ అంటే మా దగ్గర బొగ్గును జల్లెడ పట్టే ప్లాంటు. గైడ్ టూర్లు ఎక్కువగా జర్మన్‌లోనే, ఇంగ్లిష్‌ది కావాలంటే ముందే బుక్ చేసుకోవాలి. ఒక పూట చాలదు.

అయితే నేను అసలు చూడాలనుకున్నది మర్నాటి గెల్సెన్‌కిర్షెన్. అక్కడ నోర్డ్‌స్టెర్న్ అనే గని 1993లో మూతపడింది. 1997లో అక్కడే పెద్ద ఉద్యానవన ప్రదర్శన పెట్టి పార్కు చేశారు. గనిలోకి దించే గుంత (షాఫ్ట్) మీది పాత టవర్ పైన అద్దాల అంతస్తులు కట్టి, 2010లో దాని నెత్తిన జర్మన్ శిల్పి మార్కుస్ ల్యూపెర్ట్స్ చేసిన హెర్క్యులీస్‌ విగ్రహాన్ని నిలబెట్టారు. పద్దెనిమిది మీటర్ల ఎత్తు, 23 టన్నుల అల్యూమినియం. జుట్టూ గడ్డమూ నీలం, ఒకటే చెయ్యి. కింది నుంచి చూస్తే, నిజం చెప్తున్నా, పిల్లలు మట్టితో చేసి మధ్యలో వదిలేసిన బొమ్మలా ఉంది. అందమైన గ్రీకు వీరుణ్ణి చూద్దామని వెళ్లేవాళ్లు నిరాశపడతారు.

లిఫ్టులో పైకి వెళ్లాక నా అభిప్రాయం మారింది. సుమారు ఎనభై మీటర్ల ఎత్తున టెర్రస్ మీద నిలబడితే చుట్టూ పచ్చని గుట్టలు. అవి గుట్టలు కావు, గనుల్లోంచి తీసి పోసిన రాయి. అవన్నీ కింది నుంచి వచ్చినవే అని నాయినే వేలు పెట్టి చూపించాడు.

నేను కథ చెప్పాను. హెర్క్యులీస్‌కి పన్నెండు పనులు అప్పగిస్తారు. చివరిది పాతాళానికి పోయి, అక్కడ కాపలా ఉన్న మూడు తలల కుక్కను పట్టుకురావడం. పోయాడు, తెచ్చాడు, మళ్లీ పైకొచ్చాడు.

"ఒక్కసారేనా?" అన్నాడు నాయిన.

ఇంకేం చెప్పను? బాయి దగ్గర మైసమ్మకు దండం పెట్టి, రోజూ మూడు షిఫ్టుల్లో మారిమారి దిగిన మనిషి అడిగే మాట అది. ఇక్కడి గని కార్మికులు ఒకరికొకరు చెప్పుకునే 'గ్లూక్ ఔఫ్' కూడా అలాంటిదే. అందులో 'గ్లూక్' అంటే అదృష్టం, 'ఔఫ్' అంటే పైకి. ల్యూపెర్ట్స్ కూడా కుర్రతనంలో కొంతకాలం బొగ్గు గనిలో పని చేశాడట. ఆ సంగతి చెప్పాక నాయిన విగ్రహాన్ని ఇంకోసారి పైనుంచి కింది దాకా చూసి, "రెండో చెయ్యి బాయిలనే పోయి ఉంటది" అన్నాడు. నవ్వాలో వద్దో తెలియలేదు నాకు.

కింద కాలువ ఒడ్డునే మెట్లమెట్లుగా ఆంఫీథియేటర్ ఉంది, వేసవిలో కచేరీలు పెడతారు. నోర్డ్‌స్టెర్న్‌కి సగం రోజు కేటాయించండి. టవర్ తెరిచే వేళలు ముందే చూసుకోవాలి. సోమవారం అసలు పెట్టుకోకండి. బోఖుంలోని మైనింగ్ మ్యూజియానికి మేము సోమవారమే వెళ్లి, మూసిన తలుపు చూసి వచ్చాం. తప్పు నాదే.

పక్కనే హెర్నెలో ప్లూటో అనే పాత గని ఉంది. గ్రీకుల పాతాళ రాజు పేరే పెట్టారు. మొహమాటం లేకుండా పెట్టిన పేరు, నాకు నచ్చింది. కానీ అక్కడ చూడ్డానికి బయటి నుంచి హెడ్‌గేర్, అంటే గని నోటి మీది ఇనుప టవర్, తప్ప ఇంకేమీ లేదు. పిచ్చి ఉన్నవాళ్లే వెళ్లాలి, మేము వెళ్లాం.

బొట్రోప్‌లో హానియల్ గుట్ట ఎక్కడం మోకాళ్లు బాగున్నవాళ్ల పని. పైన ఇంకో ఆంఫీథియేటర్, దాని దగ్గర వందకు పైగా రైలు స్లీపర్లకు రంగులేసి స్పెయిన్ కళాకారుడు ఇబర్రోలా నిలబెట్టిన టోటెమ్ స్తంభాలు ఉన్నాయి. నాయిన సగంలోనే బెంచీ మీద కూర్చున్నాడు. నేను ఒక్కదాన్నే పోయి ఫోటోలు తీసుకొచ్చాను.

తిండికి ఇబ్బంది లేదు. 1961 ఒప్పందం తర్వాత గనుల్లో పనికి టర్కీ నుంచి చాలామంది వచ్చారు, అందుకే వీధికో టర్కిష్ హోటల్. ఎర్ర కందిపప్పు సూప్ మీద నిమ్మకాయ పిండుకుని నాయిన రెండు గిన్నెలు తాగాడు. ఆదివారం మాత్రం సూపర్ మార్కెట్లు మూత, స్టేషన్‌లోవే దిక్కు.

తిరుగు రోజు ఒక మ్యూజియం షాపులో చిన్న డబ్బాలో పెట్టిన బొగ్గు ముక్క కనిపించింది. గుర్తుగా కొందామన్నాను. నాయిన ధర చూసి డబ్బాను మెల్లగా అరలో పెట్టేశాడు.

"ఇన్నేండ్లు వాళ్లే పైసలిచ్చి తీయించిండ్లు. ఇప్పుడు నేనిచ్చి కొనాల్నా?"