హుక్కా సెట్ రివ్యూ: సిగరెట్ మానేసినవాళ్లు కొనేముందు ఒకసారి చదవండి

నల్లగొండలో నాకు మోటార్ వైండింగ్ షాపు ఉంది. పంతొమ్మిదేళ్లపాటు రోజుకు పది, పన్నెండు సిగరెట్లు తాగాను. 2023 జూన్‌లో మానేశాను. 2025 సంక్రాంతికి ఒక హుక్కా సెట్ మా ఇంటికి వచ్చింది. అదే ఏడాది ఫిబ్రవరిలో మళ్ళీ సిగరెట్ ముట్టించాను. ఈ రివ్యూ ఆ సెట్ గురించి. సిగరెట్ మానేసి, "హుక్కా అయితే ఫర్వాలేదు కదా" అని ఆలోచిస్తున్నవాళ్ల కోసమే రాస్తున్నాను. మిగతావాళ్లు గాజు ఎలా ఉంది, గొట్టం ఎలా ఉంది అన్నంతవరకు చదువుకుంటే చాలు.

ముందు సామాను సంగతి. ఆన్‌లైన్‌లో 2,350 రూపాయలు. రెండడుగుల ఎత్తు. కింద నీళ్లు పోసే గాజు బుడ్డి, మధ్యలో "ఇత్తడి" అని రాసిన కాడ, పైన మట్టి చిలుం, మీటరున్నర గొట్టం, చిన్న పటకారు, కొబ్బరి చిప్పల బొగ్గు ఒక డబ్బా, పాన్, పుదీనా ఫ్లేవర్లు రెండు ప్యాకెట్లు. ప్యాకెట్ల మీద "హెర్బల్, నికోటిన్ 0%" అని ఉంది. నాలుగు రోజుల్లో వచ్చింది. ప్యాకింగ్ బాగుంది, గాజు మందంగా ఉంది, పగుళ్లు లేవు. చిలుం మీద బిగించే పల్చటి రేకు కూడా ఇస్తామన్నారు, డబ్బాలో లేదు. రెండుసార్లు మెసేజ్ పెట్టినా జవాబు రాలేదు.

కాడ గాజులో దిగే చోట ఉన్న రబ్బరు వదులు. గాలి పక్కనుంచి లాగేస్తుంది, పొగ పలచబడుతుంది. నేను టెఫ్లాన్ టేపు నాలుగు చుట్లు చుట్టి సరిచేశాను. గొట్టం లోపల తీగ స్ప్రింగు ఉంది, కడిగితే తుప్పు పడుతుంది, కడగకపోతే వాసన పోదు. ఇద్దరు ముగ్గురు అదే గొట్టాన్ని నోట్లో పెట్టుకుంటారు కాబట్టి ఇది చిన్న విషయం కాదు. బొగ్గు గ్యాస్ పొయ్యి మీద ఎర్రబడడానికి పది నిమిషాలు పట్టింది. ఈ పది నిమిషాలు గుర్తుపెట్టుకోండి, తర్వాత మళ్ళీ వస్తుంది.

సెట్ తెప్పించింది మా బామ్మర్ది. హైదరాబాద్‌లో ఉద్యోగం. ఇదివరకు స్నేహితులతో హుక్కా పార్లర్లకు వెళ్లేవాడు. 2024 ఫిబ్రవరిలో అసెంబ్లీ చట్టాన్ని సవరించి రాష్ట్రంలో హుక్కా పార్లర్లను నిషేధించింది. దాంతో వీళ్లు ఇళ్లలోనే పెట్టుకోవడం మొదలుపెట్టారు. పండక్కి వస్తూ మా ఇంటి అడ్రస్‌కే ఆర్డర్ పెట్టాడు. వాడిది చెడ్డ మనసు కాదు, నామీద ప్రేమతోనే అన్నాడు: "బావా, నువ్వు సిగరెట్ బంద్ చేసి ఏడాదిన్నర దాటింది. ఇది సిగరెట్ కాదు. నీళ్లలకెల్లి వస్తది. పొగాకు గూడ లేదు. ఏం గాదు." అమ్మేవాళ్లు కూడా వివరాల్లో "సిగరెట్ మానాలనుకునేవారికి చక్కని ప్రత్యామ్నాయం" అని రాశారు. అది చదివి నాకూ ధైర్యం వచ్చింది.

నేను మానేసిన సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే ఏం పోగొట్టుకున్నానో అర్థం కాదు. మృగశిర కార్తె రోజు ఇంట్లో చేపల పులుసు తిని, వాకిట్లో నిలబడి ఒక సిగరెట్ తాగాను. అదే ఆఖరిది అనుకున్నాను. మొదటి మూడు రోజులు నరకం. షాపులో కుర్రాళ్ల మీద అరిచాను, కాయిల్ లెక్క తప్పి ఒక స్టేటర్ మొత్తం ఊడదీసి మళ్ళీ చుట్టాను. మూడు వారాలకు నిద్ర కుదురుకుంది. నాలుగో నెలకల్లా పొద్దున లేవగానే దగ్గే దగ్గు పోయింది. లతీఫ్ సాబ్ గుట్ట మెట్లు ఆగకుండా ఎక్కాను. ఏడాది దాటాక షాపు పక్కన ఎవరైనా తాగుతున్నా నా పని నేను చేసుకునేవాణ్ణి. అలాంటి మనిషిని.

భోగి రాత్రి డాబా మీద పెట్టాం. ఫ్లేవర్ అంటే బెల్లం పాకంలో నానబెట్టిన పిప్పిలా ఉంటుంది, వేళ్లకు అంటుకుంటుంది. దాన్ని చిలుంలో వదులుగా నింపి, ఇంట్లో ఉన్న రేకు బిగించి, పిన్నీసుతో బెజ్జాలు పొడిచి, పైన బొగ్గు పెట్టాడు. గుడగుడ శబ్దం మొదలైంది. నా చేతికి గొట్టం ఇచ్చాడు. లాగాను. పుదీనా, తీపి, చల్లటి పొగ. దగ్గు రాలేదు. సిగరెట్ మంట గొంతుకు తెలుస్తుంది, దీని పొగ నీళ్లలో చల్లారి వస్తుంది కాబట్టి తెలియకుండా లోపలిదాకా పోతుంది. పొగ బయటికి వదిలాను. అప్పుడు జరిగిన ఒక చిన్న విషయం నన్ను ఇప్పటికీ వదల్లేదు. నా కుడిచేతి బొటనవేలు గొట్టం చివర టక్కున తట్టింది. బూడిద దులపడానికి. గొట్టానికి బూడిద ఎక్కడిది? ఏడాది ఏడు నెలలుగా ఆ వేలు ఆ పని చేయలేదు. పొగ నోట్లోంచి బయటికి రాగానే దానంతట అదే చేసేసింది.

ఆ రోజు వాడింది నికోటిన్ లేని ప్యాకెట్టే. ప్యాకెట్ మీద రాసింది అబద్ధం అనడం లేదు. నికోటిన్ లేకపోయినా లాగడం, ఆపడం, వదలడం, చెయ్యి నోటి దాకా వెళ్లి రావడం, పక్కన మనిషి, కబుర్లు అన్నీ ఉన్నాయి. పంతొమ్మిదేళ్లు వీటన్నిటితో కలిపే కదా నేను సిగరెట్ తాగింది. అలవాటు అంటే ఒంట్లో ఉన్న నికోటిన్ ఒక్కటే అనుకున్నాను. సగం అలవాటు చేతిలో, పెదాల మీద ఉంది.

రాత్రి తల దిమ్ముగా, కణతల దగ్గర నొప్పిగా అనిపించింది. తర్వాత తెలిసింది, మండే బొగ్గు నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి వాసన ఉండదు, నీళ్లలో పెద్దగా కరగదు. ఫ్లేవర్ హెర్బల్ అయినా, పొగాకు అయినా పైన బొగ్గు బొగ్గే. మేం డాబా మీద ఉన్నాం కాబట్టి తలనొప్పితో పోయింది. తలుపులు మూసి ఏసీ వేసుకుని తాగేవాళ్ల సంగతి ఆలోచించండి.

నీళ్లు వడగడతాయన్న మాట కూడా నేను నమ్మాను. మా తాత కాలంలో గుడగుడి తాగేవాళ్లు కూడా అదే నమ్మేవాళ్లు. బుడ్డి ముందు కూర్చుని గమనించండి. పొగ పెద్ద పెద్ద బుడగలుగా పైకి వస్తుంది. బుడగ అంచున ఉన్న పొగకే నీళ్లు తగులుతాయి, మధ్యలో ఉన్నది అలాగే పైకొచ్చి నోట్లోకి పోతుంది. నీళ్లు చేసే పని పొగను చల్లబరచడం. చల్లబడినకొద్దీ మనం ఇంకా గట్టిగా, ఇంకా ఎక్కువసేపు లాగుతాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో హుక్కా మీద ఒక సూచన పత్రం ఇచ్చింది. సిగరెట్ తాగేవాడు 8 నుంచి 12 దమ్ములు లాగి 5, 7 నిమిషాల్లో ముగిస్తాడు. హుక్కా దగ్గర కూర్చున్నవాడు 20 నుంచి 80 నిమిషాల్లో 50 నుంచి 200 దమ్ములు లాగుతాడు. మొత్తం మీద వంద సిగరెట్లు, అంతకుమించి తాగినంత పొగ లోపలికి పోవచ్చని అందులో ఉంది.

పండగ తర్వాతి ఆదివారం ఒక స్నేహితుడు దుబాయ్ నుంచి వచ్చిన డబుల్ యాపిల్ డబ్బా తెచ్చాడు. అది అసలు పొగాకు. డబ్బా మీద నికోటిన్ 0.05%, టార్ 0% అని ఉంది. టార్ అనేది కాలినప్పుడు పుట్టేది. కాల్చకముందు డబ్బాలో అది సున్నా ఉండటంలో గొప్ప ఏముంది? ఇక 0.05 అంటే చాలా తక్కువ అనిపిస్తుంది. లెక్క వేయండి: చిలుంలో పది గ్రాములు వేస్తే అందులో 5 మిల్లీగ్రాముల నికోటిన్. ఒక సిగరెట్ తాగితే ఒంట్లోకి చేరేది 1 మిల్లీగ్రాము అటూ ఇటూ. చిలుంలో ఉన్నదంతా లోపలికి పోదు, నిజమే. కానీ ఏడాదిన్నర దాటి నికోటిన్ తగలని ఒంటికి అందులో కొంత చాలు. ఆ రాత్రి నాకు బాగా హాయిగా అనిపించింది. ఆ హాయి నాకు పాత పరిచయమే.

మొత్తం ఐదుసార్లు కూర్చున్నాం. ఫిబ్రవరి వచ్చింది. మా పనికి అదే సీజన్. యాసంగి వరికి నీళ్లు కావాలి, బోర్లలో నీళ్లు దిగుతుంటాయి, వోల్టేజీ ఎక్కువ తక్కువ అవుతుంది, మోటార్లు కాలిపోతాయి. ఒక సాయంత్రం ఏడు దాటాక కనగల్ వైపు రైతు ఒకాయన ట్రాలీ ఆటోలో మోటారు వేసుకొచ్చాడు. "అన్నా, పొలం నెర్రెలు వడుతున్నది, రేపు పొద్దుగాల దించకుంటే అయిపాయె" అన్నాడు. నిలబడే ఉన్నాడు, కూర్చోమంటే కూర్చోలేదు. కాలిన తీగ ఊడదీసి కొత్త కాయిల్స్ వేస్తున్నాను. రెండు గంటలు తల ఎత్తలేదు. ఎత్తగానే దమ్ము కావాలనిపించింది. సిగరెట్ కాదు, ఖచ్చితంగా చెబుతున్నాను, నాకు గుర్తొచ్చింది డాబా మీది గుడగుడ శబ్దం, ఆ చల్లటి పొగ. కానీ హుక్కా ఇంట్లో ఉంది. దానికి బొగ్గు రాజేయాలి, చిలుం నింపాలి, అరగంట కూర్చోవాలి, తోడు ఉండాలి. షాపుకు ఇరవై అడుగుల దూరంలో పాన్ డబ్బా ఉంది. ఒక్క సిగరెట్ అమ్ముతాడు. పైనుంచి వేలాడే లైటర్ ఉంది.

నేను చెప్పదలుచుకున్నది ఇక్కడే ఉంది. హుక్కా కోరికను లేపుతుంది, కానీ లేపిన కోరిక తీర్చడానికి ప్రతిసారీ అది మన దగ్గర ఉండదు. సిగరెట్ ఊళ్లో అడుగడుగునా ఉంటుంది. ఎప్పుడూ సిగరెట్ తాగని మా బామ్మర్ది రెండు నెలలకోసారి హుక్కా తాగి మళ్ళీ దాని ఊసెత్తడు. వాడికి ఆ దారి తెలియదు. నా కాళ్లకు డబ్బా దారి తెలుసు. ఆ రాత్రి ఒకటి. మర్నాడు రెండు. నెల తిరిగేసరికి రోజుకు ఎనిమిది.

మా బామ్మర్దిలా సిగరెట్ అలవాటు లేనివాళ్లకు ప్రమాదం లేదని కాదు. అమెరికాలో 2015లో వచ్చిన ఒక అధ్యయనంలో, సిగరెట్ ముట్టని కుర్రాళ్లలో హుక్కా తాగినవాళ్లు తర్వాత సిగరెట్ మొదలుపెట్టే అవకాశం ఎక్కువని తేలింది. అందుకే వాడికీ చెప్పాను. విన్నాడు, ఏమీ అనలేదు.

ఇంట్లో రెండు వారాలు దాచాను. చొక్కా వాసన దాగదు. మా ఆవిడ అరవలేదు. "ఆ గుడగుడ ఇంట్లకు వచ్చిననాడే అనుకున్న" అని మాత్రం అని, ఉతకడానికి చొక్కా తీసుకుపోయింది. అరిచి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

మళ్ళీ మానడానికి సిగరెట్ పెట్టె మీద ఉన్న నంబరే పనికొచ్చింది, పొగాకు మానేవాళ్లకు సాయం చేసే ప్రభుత్వ సేవ అది. 1800-11-2356, ఫ్రీ కాల్. నేను మొదట సోమవారం చేశాను, ఆ రోజు వాళ్లకు సెలవు. మంగళవారం చేస్తే తెలుగులోనే మాట్లాడారు. పోయినసారి మానేశాక మళ్ళీ ఏ రోజు, ఏ పని చేస్తుండగా మొదలైందో అడిగారు. హుక్కా అని చెప్పగానే తేలిగ్గా తీసుకోలేదు, "దాన్ని కూడా అదే రోజు ఆపాలండి" అన్నారు. మళ్ళీ ఫోన్ చేసి కనుక్కున్నారు. ఈ సేవకు నేను ఐదుకు ఐదు ఇస్తాను. సిగరెట్ కోరికను తగ్గించే 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ మందుల షాపులో డాక్టర్ చీటీ లేకుండా దొరుకుతుంది. మామూలు చూయింగ్ గమ్‌లా నమిలేస్తే ఎక్కిళ్లు వస్తాయి. కొంచెం నమిలి, నాలుక చురుక్కుమనగానే బుగ్గ పక్కన పెట్టి ఆగాలి. దమ్ము కావాలన్న కోరిక ఐదు నిమిషాలు గట్టిగా ఉండి దిగిపోతుంది. ఆ ఐదు నిమిషాలకు నేను చేతిలో రాగి తీగ ముక్క తిప్పుకుంటాను. 2025 మృగశిరకు మళ్ళీ ఆపాను. ఈసారి మొదటిసారి కంటే కష్టమైంది.

సెట్ ఇప్పుడు లేదు. పారేసేముందు కాడ మీద ఆకురాయితో ఒక గీత గీశాను. పైన పసుపు పూత, లోపల తెల్లటి లోహం. ఇత్తడి కాదు. పాత రాగి తీగతో పాటు తుక్కు షాపులో ఇచ్చేశాను. గాజు బుడ్డి కూడా ఇంట్లో ఉంచుకోలేదు. పూల కోసం వాడుకుందామని అమ్మాయి అడిగింది, వద్దన్నాను.

రేటింగ్ ఇవ్వాలి కాబట్టి, గాజుకు ఒక స్టార్ ఇస్తున్నాను. అమ్మేవాళ్లకు ఇదంతా రాసి పంపాను. డబ్బులు అడగలేదు. "సిగరెట్ మానాలనుకునేవారికి" అన్న ఆ ఒక్క వాక్యం తీసేయమని అడిగాను. నిన్న రాత్రి మళ్ళీ చూశాను. ధర వంద రూపాయలు తగ్గించారు, వాక్యం అలాగే ఉంది.