నాలుగేళ్ళు వాడిన స్మార్ట్ టీవీ: బొమ్మకు వంక లేదు, పేచీ అంతా వైఫైతోనే

2021 దసరాకు మా ఇంట్లో 43 అంగుళాల 4కే ఆండ్రాయిడ్ టీవీ ఒకటి కొన్నాము. రాజమహేంద్రవరంలో మాది రెండంతస్తుల డాబా ఇల్లు. కింద వీధిగదిలోకి ఫైబర్ తీగ వస్తుంది, రౌటర్‌ను అక్కడే గోడకు బిగించారు, టీవీ మాత్రం పై అంతస్తు హాల్లో ఉంటుంది. ఈ రెండింటి మధ్య ఒక శ్లాబు, రెండు ఇటుక గోడలు అడ్డం ఉన్నాయి. ఈ సంగతి ముందుగానే చెప్పడానికి కారణముంది. మొదటి ఏడాదంతా టీవీ వైఫైకి కలవనప్పుడల్లా నేను టీవీనే అనుమానించాను, కానీ అప్పటి తిప్పల్లో చాలా భాగానికి మూలం ఆ శ్లాబేనని తరువాత తెలిసింది.

బొమ్మ గురించి ఎక్కువ రాయనవసరం లేదు. రంగులు సహజంగా ఉంటాయి, పగటి వెలుతురులో కూడా ముఖాలు స్పష్టంగా కనిపిస్తాయి, ఇన్నేళ్ళ తరువాత కూడా తెర మీద ఒక్క మచ్చ రాలేదు. శబ్దం ఫర్వాలేదు. రిమోట్‌లో యూట్యూబ్ మీట ఒకటి అరిగిపోయింది. యాప్‌ల నిల్వ కోసం ఇచ్చిన 8 జీబీ చాలా తక్కువ, అందులోనూ సగం పైగా సిస్టమే ఆక్రమించుకుంటుంది. ఇవన్నీ సర్దుకుపోగలిగినవి. టీవీ పెట్టగానే 'నెట్‌వర్క్ అందుబాటులో లేదు' అని తెర మీద కనిపించడం మాత్రం సర్దుకుపోగలిగినది కాదు, ఎందుకంటే మా ఇంట్లో కేబుల్ కనెక్షన్ తీసేసి చాలా కాలమైంది, మా అత్తయ్యగారు తెల్లవారుజామున శ్రీ వేంకటేశ్వర భక్తి ఛానల్‌ను యూట్యూబులోనే చూస్తారు.

మొదటి ఏడాదిలో కనెక్షన్ రోజుకు రెండు మూడు సార్లు తెగిపోయేది. నేను చేసిన పనులు అందరూ చేసేవే: పాస్‌వర్డ్ మళ్ళీ కొట్టడం, రౌటర్‌ను ఆపి పెట్టడం, టీవీని రిమోట్‌తో ఆపి మళ్ళీ వేయడం. రిమోట్‌తో ఆపితే టీవీ నిజంగా ఆగదని, నిద్రలోకి మాత్రమే వెళుతుందని, లోపల సిస్టమ్ ఉన్నది ఉన్నట్టే ఉంటుందని అప్పటికి నాకు తెలియదు. గోడ దగ్గర స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, ఒకటి రెండు నిమిషాలు ఆగి పెడితేనే అది మొదటి నుంచి మొదలవుతుంది. ఇలా చేస్తే కొన్నిసార్లు పని జరిగేది, సాయంత్రానికి మళ్ళీ మొదటికే వచ్చేది.

చివరికి ఫోన్‌లో సిగ్నల్ బలం కొలిచే ఉచిత యాప్ ఒకటి వేసుకుని, టీవీ పక్కనే నిలబడి చూశాను. మైనస్ 78 డీబీఎం చూపించింది. ఈ అంకె సున్నాకు ఎంత దగ్గరగా ఉంటే సిగ్నల్ అంత బలమైనది. మైనస్ 60కి అటూ ఇటూ ఉంటే వీడియో నిశ్చింతగా వస్తుంది, మైనస్ 75 దాటిందంటే కనెక్షన్ దినదినగండమే. అదే ఫోన్‌ను ఎడమవైపు మెట్ల దగ్గరకు తీసుకువెళితే మైనస్ 55కి వచ్చింది. ఇంటర్నెట్ ఇచ్చే కుర్రవాడిని బతిమాలి, ఫైబర్ తీగ పొడిగించి, రౌటర్‌ను మెట్ల మలుపులో, తల ఎత్తుకు పైన బిగించమన్నాను. ఆ తరువాత టీవీ దగ్గర అంకె మైనస్ 61 అయింది, రోజువారీ తెగిపోవడం ఆగింది. ఏడాది పాటు నేను టీవీని తిట్టుకున్నది అన్యాయంగానే.

ఇక్కడ ఒక పరీక్ష గురించి వివరంగా చెప్పాలి. ఈ సమీక్ష చదివేవారికి నేను ఇవ్వగలిగిన అతి విలువైన సమాచారం ఇదే. టీవీ ఇంటి వైఫైకి కలవనప్పుడు, ముందుగా ఫోన్‌లో హాట్‌స్పాట్ వేసి, దాని బ్యాండ్‌ను (వైఫై నడిచే రేడియో తరంగాల శ్రేణిని) 2.4 గిగాహెర్ట్జ్‌గా పెట్టి, టీవీని దానికి కలిపి చూడండి. ఐఫోన్ అయితే హాట్‌స్పాట్ పేజీలో ఎక్కువ పరికరాలకు కుదిరేలా చేసే మీట ఒకటి ఉంటుంది, దాన్ని వేయాలి. టీవీ ఫోన్‌కు కలిసి వీడియో వచ్చిందంటే టీవీలోని వైఫై భాగం బాగానే ఉన్నట్టు, తగాదా రౌటర్ సెట్టింగుల్లోనో దూరంలోనో ఉన్నట్టు. పక్కనే పెట్టిన ఫోన్‌కు కూడా కలవకపోతే అప్పుడు టీవీని అనుమానించాలి. రెండు నిమిషాల పని. దీనివల్ల కస్టమర్ కేర్‌తో గంట సేపు మాట్లాడవలసిన అవసరం తప్పుతుంది, ఎందుకంటే టీవీ వారు రౌటర్ వారి మీద, రౌటర్ వారు టీవీ వారి మీద నెట్టడం నాకు మూడుసార్లు అనుభవమైంది.

2023లో కొత్త రౌటర్ వచ్చినప్పుడు ఈ పరీక్షే నన్ను కాపాడింది. ఇంట్లో ఫోన్లన్నీ క్షణంలో కలిశాయి. టీవీలో మాత్రం నెట్‌వర్క్ పేరు కనిపిస్తుంది, పాస్‌వర్డ్ కొడితే కాసేపు తిరిగి 'పాస్‌వర్డ్ సరికాదు' అంటుంది. పాస్‌వర్డ్‌ను అక్షరం అక్షరం పోల్చి చూశాను, తప్పు లేదు. ఫోన్ హాట్‌స్పాట్‌కు టీవీ వెంటనే కలిసింది. అంటే తేడా రౌటర్‌లోనే ఉంది. రౌటర్ పేజీ తెరిచి భద్రత విభాగంలో చూస్తే డబ్ల్యూపీఏ3 అని ఉంది. ఇది 2018లో వచ్చిన భద్రతా పద్ధతి, పాత డబ్ల్యూపీఏ2 కంటే గట్టిది. మా టీవీలోని వైఫై చిప్‌కు ఆ కొత్త పద్ధతి అర్థం కాదు. అర్థం కాలేదని చెప్పకుండా పాస్‌వర్డ్ తప్పని చెబుతోంది. తయారీదారులు దిద్దుకోవలసిన లోపమిది. కారణం వేరే ఉన్నప్పుడు వాడేవారి చేతిని తప్పుపట్టే సందేశం ఎంతమందిని ఎన్ని గంటలు తిప్పలు పెడుతుందో ఆలోచించాలి.

భద్రతను డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 కలిసి పనిచేసే పద్ధతికి మార్చాను. అయినా కలవలేదు. కేవలం డబ్ల్యూపీఏ2కు మార్చాక కలిసింది, అయితే అరగంటలో మళ్ళీ తెగింది. రెండో కారణం అక్కడ బయటపడింది. కొత్త రౌటర్ 2.4, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లు రెంటికీ ఒకే పేరు పెట్టి, ఏ పరికరాన్ని ఎటు పంపాలో తానే నిర్ణయిస్తుంది. మా టీవీ 5 గిగాహెర్ట్జ్‌ను అందుకోలేదు. రౌటర్ దాన్ని అటు నెట్టాలని చూసినప్పుడల్లా టీవీ జారిపోతోంది. రెండు బ్యాండ్‌లనూ విడదీసి, 2.4కు వేరే పేరు పెట్టి, టీవీని దానికే కట్టేశాను. ఆ రోజు నుంచి ఆ తగాదా తిరిగి రాలేదు. ఫోన్లకు డబ్ల్యూపీఏ3 అలాగే ఉంచి, టీవీ ఉండే 2.4 బ్యాండ్‌కు మాత్రమే డబ్ల్యూపీఏ2 పెట్టుకోవచ్చు. మా రౌటర్‌లో రెండింటికీ వేరువేరుగా పెట్టే వీలుంది.

అన్నిటికంటే విచిత్రమైనది 2024 వేసవిలో జరిగింది. గాలివానకు రాత్రంతా కరెంటు పోయింది. తెల్లారి కరెంటు వచ్చాక అత్తయ్యగారు పిలిచారు: "అమ్మాయీ, గుండ్రంగా తిరుగుతోందే గానీ బొమ్మ రావడం లేదు, ఒకసారి చూడమ్మా." వైఫై కలిసే ఉంది, సిగ్నల్ నిండుగా ఉంది, దాని కింద 'ఇంటర్నెట్ లేదు' అని ఉంది. ఫోన్లలో ఇంటర్నెట్ హాయిగా వస్తోంది. హాట్‌స్పాట్‌కు కలిపినా టీవీది అదే మాట. నా పరీక్ష లెక్క ప్రకారం తప్పు టీవీదే అయి ఉండాలి, కానీ వైఫై చిప్ కలుస్తూనే ఉంది కదా. గంట సేపు తల పట్టుకున్న తరువాత, తెర మూలన కనిపించే తేదీ మీద నా చూపు పడింది. 2018 జనవరి 1.

టీవీలో గడియారాన్ని నడిపించే బ్యాటరీ లేదు. కరెంటు గంటల తరబడి పూర్తిగా పోతే అది వేళ మరచిపోతుంది, తిరిగి వెలిగాక బయటి నుంచి తెలుసుకోవాలి. తేదీ సెట్టింగులో, ఇంటర్నెట్ నుంచి వేళ తీసుకోమనే ఎంపికకు బదులు, ప్రసార సిగ్నల్ నుంచి తీసుకోమనే ఎంపిక పెట్టి ఉంది. టీవీ బిగించడానికి వచ్చిన మనిషి మొదటి రోజే అలా పెట్టి ఉండాలి. యాంటెనా గానీ కేబుల్ గానీ నేరుగా లేని మా టీవీకి ప్రసార సిగ్నల్ ఎక్కడి నుంచి వస్తుంది? అంతకు ముందు కరెంటు పోయినా ఇన్వర్టర్ ఆదుకునేది కనుక బయటపడలేదు, ఆ రాత్రి ఇన్వర్టర్ కూడా చేతులెత్తేసింది. తేదీ తప్పితే ఇంటర్నెట్ ఎందుకు రాదంటే, యూట్యూబ్ వంటి సర్వర్లు తమ గుర్తింపుకు చూపించే సర్టిఫికెట్‌కు మొదలు తేదీ, ముగింపు తేదీ ఉంటాయి. 2018లో ఉన్నాననుకుంటున్న టీవీకి 2024 నాటి సర్టిఫికెట్ ఇంకా పుట్టనిది, అందువల్ల నమ్మరానిది. కాబట్టి అది తలుపు వేసేసుకుంటుంది. ఎంపికను ఇంటర్నెట్ సమయానికి మార్చి, ఆ ఒక్కసారికి తేదీని చేత్తో సరిచేశాను. పది సెకన్లలో ఛానల్ వచ్చింది. ఇంటి వైఫైలో ఏ లోపమూ లేకుండానే టీవీకి ఇంటర్నెట్ లేకుండా పోవచ్చని ఆ ఉదయం నేర్చుకున్నాను.

చిన్నవి కొన్ని ఉన్నాయి. వంటింట్లో మైక్రోవేవ్ ఓవెన్ తిరుగుతున్నంతసేపు బొమ్మ ఆగి ఆగి వచ్చేది, అది కూడా 2.4 గిగాహెర్ట్జ్ దరిదాపుల్లోనే పనిచేస్తుంది కనుక. ఓవెన్‌ను కిటికీ వైపుకు జరిపితే తగ్గింది. రౌటర్ ఒకసారి తనంతట తానే 13వ వైఫై ఛానల్‌కు (2.4 బ్యాండ్‌లోని ఒక చిన్న భాగానికి) మారితే టీవీ జాబితాలోంచి మా నెట్‌వర్క్ పేరే మాయమైంది. మన దేశంలో ఆ ఛానల్ వాడవచ్చు, అయితే కొన్ని పరికరాలు 11 వరకే వెతుకుతాయి. 1, 6, 11లో ఒకదాన్ని ఎంచి స్థిరంగా పెడితే మంచిది. ఇంకోసారి టీవీకి నేనే స్థిర ఐపీ చిరునామా (ఇంటి నెట్‌వర్క్‌లో పరికరాన్ని గుర్తించే సంఖ్య) ఇచ్చి మరచిపోయాను, గుమ్మం దగ్గర పెట్టిన కొత్త కెమెరాకు రౌటర్ అదే చిరునామా ఇచ్చింది, రెండూ కొట్టుకున్నాయి. అది నా తొందరపాటు.

2025 ఫిబ్రవరిలో వచ్చినది మాత్రం నిఖార్సుగా టీవీ జబ్బే. వైఫై మీట నొక్కితే వెలిగినట్టే వెలిగి ఆరిపోతుంది. నెట్‌వర్కుల జాబితా రాదు. పరికరం వివరాల్లో వైఫై మ్యాక్ అడ్రస్ (ఆ భాగానికి తయారీలోనే ఇచ్చే గుర్తింపు సంఖ్య) చోట ఖాళీ. అంటే సిస్టమ్‌కు వైఫై భాగం ఉన్నట్టే కనిపించడం లేదు. నెట్‌వర్క్ సెట్టింగులు చెరిపాను, చివరికి ఫ్యాక్టరీ రీసెట్ కూడా చేశాను, యాప్‌లన్నీ మళ్ళీ వేసుకునే శ్రమ తప్ప ఫలితం లేదు. మ్యాక్ అడ్రస్ ఖాళీగా కనిపిస్తే రీసెట్ జోలికి పోకుండా మెకానిక్‌ను పిలవడమే సరి.

వారంటీ అయిపోయింది కనుక ఊళ్ళో పేరున్న మెకానిక్‌ను పిలిచాను. టీవీని మంచం మీద దుప్పటి పరిచి బోర్లా పడుకోబెట్టి, వెనుక మూత విప్పాడు. మధ్యలో ఉన్న పెద్ద బోర్డుకు దూరంగా, కింది అంచున, బొటనవేలి గోరు కంటే కాస్త పెద్దదైన ఆకుపచ్చ ముక్క ఒకటి రెండు చిన్న మరలతో బిగించి ఉంది. దాన్నుంచి సన్నని తీగలు నాలుగు ప్రధాన బోర్డుకు వెళుతున్నాయి. "ఇదేనండీ మీ వైఫై," అన్నాడతను. ఇన్నేళ్ళ తిప్పలకు కేంద్రం అంత చిన్నదంటే నమ్మబుద్ధి కాలేదు. తీగల చివరనున్న ప్లాస్టిక్ కనెక్టర్ మీద దుమ్ము మేట వేసి ఉంది. అది ఊడదీసి, స్పిరిట్‌తో తుడిచి, మళ్ళీ నొక్కి పెట్టాడు. టీవీ వేస్తే నెట్‌వర్కుల జాబితా వచ్చింది. రెండు నెలలు నడిచి మళ్ళీ ఆగింది. రెండోసారి ఆ ముక్కనే మార్చాడు, కూలితో కలిపి 1,400 రూపాయలు తీసుకున్నాడు. అప్పటి నుంచి ఇప్పటి వరకు వైఫై ఆగలేదు.

అయితే ఆ రెండు నెలల నడుమ నేనొక నిర్ణయం తీసుకున్నాను. మెట్ల మలుపులోని రౌటర్ నుంచి టీవీ వరకు 20 మీటర్ల క్యాట్ 6 నెట్‌వర్క్ తీగ లాగించి, టీవీ వెనుక ఉన్న ల్యాన్ పోర్టుకు (ఆ తీగ పెట్టే రంధ్రానికి) పెట్టించాను. మా టీవీ పోర్టు వేగం 100 ఎంబీపీఎస్‌కు మించదు, చాలా టీవీలకు ఇంతే. 4కే వీడియోకు నెట్‌ఫ్లిక్స్ అడిగేది 15 ఎంబీపీఎస్సే కనుక ఆ పరిమితి మనకు అడ్డు రాదు. ఓవెన్, పొరుగింటి రౌటర్, శ్లాబు వంటివేవీ తీగను కదపలేవు. గోడకు తీగ నల్లగా కనిపిస్తుందని ఇంట్లో కొంత అభ్యంతరం వచ్చింది, తెల్లని పట్టీలో దాచాక అదీ పోయింది. గోడ మీద సన్నని గీత పడినా సరే, తీగ లాగించగలిగినవారు లాగించుకోవాలని నేను గట్టిగా చెబుతాను.

తీగ కుదరని ఇళ్ళలో, టీవీ వైఫై మరీ పాతదైతే, హెచ్‌డీఎంఐకి పెట్టుకునే స్ట్రీమింగ్ స్టిక్ మంచి ప్రత్యామ్నాయం. దానికి సొంత వైఫై ఉంటుంది, ఇప్పుడు వచ్చేవాటిలో చాలావరకు 5 గిగాహెర్ట్జ్‌ను కూడా అందుకుంటాయి, టీవీ తెరగా మాత్రమే మిగులుతుంది. మా చెల్లెలి ఇంట్లో అదే ఏర్పాటు, ఏడాదిన్నరగా ఇబ్బంది లేదు.

ఈ టీవీని మళ్ళీ కొంటానా అంటే, ఈ తెర కోసం కొంటాను, కానీ ఈసారి దుకాణంలోనే మూడు చూస్తాను. వెనుక ల్యాన్ పోర్టు ఉందా, వైఫై 5 గిగాహెర్ట్జ్‌ను పట్టుకుంటుందా, డబ్ల్యూపీఏ3 తెలుసా. రెండోది పెట్టె మీద రాసి ఉన్నా నమ్మకుండా, ఫోన్ హాట్‌స్పాట్‌ను 5 గిగాహెర్ట్జ్‌కు మార్చి అక్కడికక్కడే టీవీని కలపమని అడుగుతాను. మూడోదానికి అమ్మేవారి దగ్గర తరచుగా సమాధానం ఉండదు, కంపెనీ వెబ్‌సైటులో ఆ మోడల్ వివరాల పేజీ చూసుకోవాలి.

టీవీ వెనుక గోడకు నేనొక కాగితం అంటించి ఉంచాను. నెట్‌వర్క్ పేరు, పాస్‌వర్డ్, రౌటర్ పేజీ చిరునామా, వైఫై ముక్క మార్చిన తేదీ, మెకానిక్ ఫోన్ నంబరు దాని మీద ఉన్నాయి. అన్నిటికంటే పైన, అత్తయ్యగారి కోసం పెద్ద అక్షరాలతో ఇలా రాశాను: 'ముందు తేదీ చూడండి.'