డయలర్ కంటే ముందు హైపర్‌టెర్మినల్ తెరవండి

తెనాలిలో మా బావగారికి మందుల హోల్‌సేల్ దుకాణం ఉంది. చుట్టుపక్కల ఊళ్ల మెడికల్ షాపులకు ఆయన ల్యాండ్‌లైన్ నుంచే ఫోన్ చేసి ఆర్డర్లు రాసుకుంటారు. జాబితాలో పేరు నొక్కితే నంబరు కలిపే డయలర్ పాత ఎక్స్‌పీ యంత్రంలో ఉంది, దాని పక్కన సీరియల్ మోడెమ్ (కంప్యూటర్‌ను ఫోన్ లైన్‌కు కలిపే పెట్టె). దుకాణానికి రంగులు వేయించి అన్నీ తిరిగి తగిలించాక ‘మోడెమ్ స్పందించడం లేదు’ అని రావడం మొదలైంది. ఆయన డయలర్‌ను మూడుసార్లు తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేశారు.

నేను వెళ్లి మొదట తెరిచింది హైపర్‌టెర్మినల్ అనే ప్రోగ్రాము. విండోస్ 95 నుంచి ఎక్స్‌పీ దాకా విండోస్‌తోనే వచ్చేది, విస్టాలో తీసేశారు. మనం కొట్టిన అక్షరాన్ని మోడెమ్ కేబుల్ తగిలించే పోర్టులోకి పంపుతుంది, పోర్టు నుంచి వచ్చింది తెర మీద చూపిస్తుంది. మోడెమ్ పరీక్షకు నాకు ఇంతకంటే నమ్మకమైన పనిముట్టు లేదు.

కామ్1 (ఆ పోర్టు పేరు) ఎంచుకుని, ఎప్పుడు పంపాలో ఎప్పుడు ఆగాలో చెప్పే ఫ్లో కంట్రోల్‌ను ‘నన్’ అని పెట్టాను. అక్కడ ‘హార్డ్‌వేర్’ అని ఉంటే బాగున్న పోర్టు కూడా చచ్చినట్టే కనిపిస్తుంది. తొమ్మిది పిన్నుల పోర్టులో 2, 3 పిన్నులను సన్నని తీగతో కలిపాను. 3 పంపేది, 2 అందుకునేది. కొట్టిన అక్షరాలు తెర మీదకు వచ్చాయి, తీగ తీయగానే ఆగిపోయాయి. పోర్టు బాగుంది. కేబుల్ రెండో చివర 2, 3 కలిపినా అక్షరాలు తిరిగి వచ్చాయి.

మోడెమ్‌కు తగిలించి, దాన్ని పలకరించే ‘ఏటీ’ ఆదేశం కొడితే మాత్రం ‘ఓకే’ రాలేదు. కంప్యూటర్ పంపిన అక్షరం అందితే మిణుకుమనే ఎస్‌డీ దీపాన్నే మోడెమ్ మీద చూస్తూ మళ్లీ కొట్టాను. అది మిణుకుమనలేదు. అంటే అక్షరం మోడెమ్ దాకా చేరడమే లేదు. కేబుల్‌ను పరీక్షగా చూస్తే, అది రెండు కంప్యూటర్లను కలిపే నల్ మోడెమ్ కేబుల్. అందులో పంపే తీగ, అందుకునే తీగ తారుమారై ఉంటాయి. రెండూ కలిపేస్తే ఎటు తిరిగినా చుట్టు పూర్తవుతుంది కాబట్టి నా తీగ పరీక్షకు అది దొరకలేదు. అటక మీది అట్టపెట్టెలో అసలు కేబుల్ ఉంది. దాన్ని తగిలించగానే దీపం మిణుకుమంది, ‘ఓకే’ వచ్చింది. బావగారు కుర్చీ దగ్గరికి లాక్కున్నారు.

తర్వాత నంబరు కలపమనే ఆదేశం ‘ఏటీడీటీ’, పక్కనే నా సెల్ నంబరు కొట్టాను. ‘నో డయల్‌టోన్’ అంది. రిసీవర్ ఎత్తి వింటే టోను చక్కగా ఉంది. కొన్ని మోడెమ్‌లు మన టోనును పోల్చుకోలేవు. ముందు ‘ఏటీఎక్స్3’ ఇస్తే టోను కోసం ఆగకుండా నంబరు కలుపుతాయి. జేబులో ఫోను మోగింది. అదే ఆదేశాన్ని డయలర్ సెట్టింగుల్లోనూ రాశాను.

డయలర్ తెరిచే ముందు హైపర్‌టెర్మినల్‌లో డిస్‌కనెక్ట్ నొక్కడం మరవకండి, ఒక పోర్టును ఒకేసారి రెండు ప్రోగ్రాములు వాడుకోలేవు. కొత్త విండోస్ ఉన్నవారు ఉచితంగా దొరికే పుట్టీ అనే ప్రోగ్రాములో ‘సీరియల్’ ఎంచుకుంటే ఈ పరీక్షలన్నీ చేసుకోవచ్చు.