సెకండ్ హ్యాండ్‌లో జీటీఎక్స్ 1060 మేలా, ఆర్‌ఎక్స్ 580 మేలా?

మా అక్క కొడుకు ఇంజనీరింగ్ రెండో ఏడు చదువుతున్నాడు. ఏదో ఆఫీసు వాడి తీసేసిన నాలుగో తరం ఐ5 డెస్క్‌టాప్ ఒకటి వాడి దగ్గరుంది. మొన్న రాత్రి రెండు సెకండ్ హ్యాండ్ గ్రాఫిక్స్ కార్డుల ఫొటోలు పంపాడు. "మామయ్యా, రేటు రెండింటిదీ ఇంచుమించు ఒకటే. ఏది తీసుకోమంటావ్?" ఒకటి ఎన్విడియా జీటీఎక్స్ 1060, 6 జీబీది. రెండోది ఏఎండీ ఆర్‌ఎక్స్ 580, 8 జీబీది. తక్కువ డబ్బుతో పీసీ కట్టుకునే పిల్లలు చాలామంది ఇక్కడే ఆగిపోతున్నారు కాబట్టి వాడికి చెప్పినదంతా ఇక్కడ రాస్తున్నాను.

1060 వచ్చింది 2016 జూలైలో. 580 వచ్చింది 2017 ఏప్రిల్‌లో. అంతకు ముందు ఏడు వచ్చిన 480కే కాస్త వేగం పెంచి తెచ్చారు. కాగితం మీద చూస్తే 580దే పైచేయి. దాని మెమరీ 8 జీబీ, సెకనుకు 256 జీబీ డేటా కదిలిస్తుంది. 1060కి 6 జీబీ, 192 జీబీ. వచ్చిన కొత్తలో డైరెక్ట్‌ఎక్స్ 11 (ఆటలు గ్రాఫిక్స్ కార్డుతో పని చేయించుకునే పాత పద్ధతి) ఆటల్లో 1060 ఒక అడుగు ముందుండేది. కొత్త పద్ధతులైన డైరెక్ట్‌ఎక్స్ 12, వల్కన్ వాడే ఆటలు పెరిగేకొద్దీ 580 ముందుకొచ్చింది. ఇవాళ టెక్స్‌చర్లు (ఆటలో వస్తువుల మీద కనిపించే వివరాలు) హైలో పెట్టి ఆడాలంటే ఆ అదనపు 2 జీబీ నిజంగా పనికొస్తుంది. ఆటల్లో వెలుగునీడలు నిజంలా చూపించే రే ట్రేసింగ్ హార్డ్‌వేర్ మాత్రం రెండింట్లోనూ లేదు. అది తప్పనిసరి అనే కొత్త ఆటల మీద ఆశ పెట్టుకోవద్దు.

ఇంతవరకు చదివితే 580 కొనేయొచ్చు అనిపిస్తుంది. నేను మాత్రం ముందు క్యాబినెట్ తెరవమంటాను.

1060 తినే కరెంటు 120 వాట్లు, 580 తినేది 185. చాలామంది కరెంటు బిల్లు గురించి భయపడతారు కానీ, రోజుకు నాలుగు గంటలు ఆడినా ఆ 65 వాట్ల తేడా నెలకు ఎనిమిది యూనిట్లు దాటదు. అసలు సమస్య ఎస్ఎంపీఎస్, అంటే పీసీ లోపల అన్నిటికీ కరెంటు ఇచ్చే పెట్టె. 1060కి 400 వాట్లది చాలని ఎన్విడియా, 580కి 500 వాట్లది కావాలని ఏఎండీ చెప్పాయి. అది కూడా మంచి కంపెనీది అయితేనే. క్యాబినెట్‌తో పాటు ఊరికే వచ్చిన ఎస్ఎంపీఎస్ స్టిక్కర్ మీద 500 అని రాసి ఉన్నంత మాత్రాన నమ్మొద్దు. పైగా కార్డు తినే కరెంటంతా వేడిగా మారి గదిలోకే వస్తుంది. మే నెలలో ఏసీ లేని గదిలో తలుపులేసుకుని 580 మీద రెండు గంటలు ఆడి చూస్తే ఆ తేడా ఒంటికి తెలుస్తుంది.

మా వాడిని వీడియో కాల్‌లో క్యాబినెట్ మూత తీసి, ఎస్ఎంపీఎస్ నుంచి వచ్చే వైర్లు ఒక్కొక్కటే పట్టుకుని చూపించమన్నాను. మదర్‌బోర్డుకి ఒకటి, ప్రాసెసర్‌కి ఒకటి, హార్డ్ డిస్కుకీ డీవీడీ డ్రైవుకీ పోయేవి. అంతే. గ్రాఫిక్స్ కార్డుకి పెట్టే ఆరు పిన్నుల వైరే లేదు. స్టిక్కర్ మీద 240 వాట్లని ఉంది. ఆఫీసు పీసీలు చాలావరకు ఇంతే. ఎస్ఎంపీఎస్ మార్చే వీలు లేకపోతే ఈ రెండు కార్డులూ వదిలేసి జీటీఎక్స్ 1050 టీఐ చూసుకోవాలి. 4 జీబీ, 75 వాట్లు. విడి వైరు అడగని మోడల్ దొరికితే మదర్‌బోర్డు స్లాట్ నుంచి వచ్చే కరెంటే సరిపోతుంది. వేగం బాగా తక్కువే, కానీ ఉన్న పెట్టెలో నిశ్చింతగా నడుస్తుంది.

ఇక డ్రైవర్లు, అంటే కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్. 1060కి ఆటల కోసం చేసే కొత్త డ్రైవర్లు 2025 అక్టోబర్‌తో ఆగిపోతాయని, భద్రతకు సంబంధించినవి మాత్రం 2028 అక్టోబర్ దాకా వస్తాయని ఎన్విడియా ముందే ప్రకటించింది. ఏఎండీ కూడా 2023 చివర్లోనే 580 తరం డ్రైవర్లను కొత్త కార్డుల డ్రైవర్ల నుంచి వేరు చేసింది. విండోస్‌లో ఈ విషయంలో ఒకదాన్ని మెచ్చుకుని ఇంకోదాన్ని తిట్టడానికేమీ లేదు. లైనక్స్ వాడేవాళ్లయితే వేరే ఆలోచన లేకుండా 580 తీసుకోండి. దాని డ్రైవర్ కెర్నెల్‌లోనే ఉంటుంది, ఓపెన్ సోర్స్‌ది, కంపెనీ వదిలేసినా బతుకుతుంది.

బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్ నేర్చుకునేవాళ్లకు ఈ లెక్క పూర్తిగా తిరగబడుతుంది. 1060లో ఎన్విడియా సొంత టెక్నాలజీ CUDA ఉంది కాబట్టి సైకిల్స్ రెండరింగ్ (బ్లెండర్‌లో చివరి బొమ్మ తయారుచేసే పని) కార్డు మీద నడుస్తుంది. బ్లెండర్ 3.0లో ఏఎండీ కార్డులు ఆ పనికి వాడుకున్న ఓపెన్‌సీఎల్ తీసేశాక 580 మీద ఆ పని జరగదు, భారమంతా ప్రాసెసర్ మీదే పడుతుంది.

పేర్ల దగ్గర జాగ్రత్త. 1060 పేరుతోనే 3 జీబీ కార్డు ఒకటుంది. దానికి మెమరీ తగ్గడమే కాదు, కోర్లు (లెక్కలు చేసే భాగాలు) కూడా 1280 నుంచి 1152కి తగ్గాయి. అలాగే 580 పేరుతో 2048 కోర్ల కార్డు ఉంది, అసలు దానికి ఉండాల్సినవి 2304. పేరు 580దే అయినా లోపలున్నది 570 సత్తా. ఈ రెండూ ఎంత చవగ్గా ఇచ్చినా నేను కొననివ్వను.

580లలో చాలావాటి చేత ఈథీరియం అనే క్రిప్టో కరెన్సీ కోసం మైనింగ్ (ఆపకుండా లెక్కలు చేయించడం) చేయించారు. 2022 సెప్టెంబర్‌లో ఆ మైనింగ్ ఆగిపోయాక గుట్టలుగా మార్కెట్లోకి వచ్చాయి. మైనింగ్ చేసిందంటే చచ్చిన కార్డేనని కాదు; అరిగేది ఎక్కువగా ఫ్యాన్లూ, చిప్పుల వేడిని లాగే థర్మల్ ప్యాడ్లూ. కార్డు చేతిలోకి తీసుకుని ఫ్యాన్‌ను వేలితో మెల్లగా తిప్పండి. గరగరమన్నా, పక్కకి ఊగినా బేరింగ్ పోయినట్టే. బోర్డు అంచున నూనె తడి కనిపిస్తే ప్యాడ్లు కారుతున్నాయి. అవి మార్చుకోవచ్చు, ఆ మేరకు రేటు తగ్గించమనండి. తర్వాత పీసీకి పెట్టించి కార్డు వివరాలు చూపించే జీపీయూ-జెడ్ ప్రోగ్రాం తెరిచి కోర్ల సంఖ్య చూడండి. మైనింగ్ కోసం బయాస్ (కార్డు లోపలి సెట్టింగుల ప్రోగ్రాం) మార్చిన కార్డుల్లో మెమరీ తేడా చేస్తుంది కాబట్టి కార్డును పరీక్షించే ఫర్‌మార్క్ ప్రోగ్రాం గానీ ఏదైనా ఆట గానీ పదిహేను నిమిషాలు నడిపించండి. తెర మీద చుక్కలు గానీ అడ్డగీతలు గానీ వస్తే బేరం అక్కడితో ఆపేయండి. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్ లాంటి చోట అయితే ఎదురుగానే పెట్టి చూపించమని అడగొచ్చు. కొరియర్‌లో వచ్చేదానికి ఆ అవకాశం లేదు.

మా వాడికి 1060 చెప్పాను. వాడిది పాత ప్రాసెసర్. డైరెక్ట్‌ఎక్స్ 11 ఆటల్లో ఎన్విడియా డ్రైవర్ ప్రాసెసర్ మీద తక్కువ భారం వేస్తుంది, వాడు ఆడేవి ఎక్కువగా అవే. బ్లెండర్ కూడా నేర్చుకుంటున్నాడు. మదర్‌బోర్డు కరెంటు సాకెట్ మామూలు 24 పిన్నులదే కాబట్టి ముందు 450 వాట్ల మంచి ఎస్ఎంపీఎస్ కొత్తది కొనమన్నాను, మిగిలిన డబ్బుతోనే కార్డు. వాడి రూమ్మేట్‌కి ఇప్పటికే 550 వాట్లది ఉంది, కొత్త ప్రాసెసర్ ఉంది, ఉబుంటు (లైనక్స్) వాడతాడు. ఆ 580 వాణ్ణి తీసుకోమన్నాను, జీపీయూ-జెడ్‌లో 2304 కోర్లు కనిపిస్తేనే.