గాల్వెస్టనా, సౌత్ పాడ్రేనా? టెక్సాస్‌లో కుటుంబంతో బీచ్‌కి ఏది మేలు?

వేసవి సెలవులు దగ్గర పడగానే టెక్సాస్ తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఇక్కడి తీరంలోని ఈ రెండు ద్వీపాల గురించి ప్రశ్న తప్పకుండా వస్తుంది. "గాల్వెస్టన్ నీళ్లన్నీ బురద, సౌత్ పాడ్రే వెళ్లండి" అని సగం మంది, "అంత దూరం ఎవరు డ్రైవ్ చేస్తారండీ" అని మిగతా సగం. రెండు మాటలూ నిజమే. కానీ బీచ్ ఎంత బాగుంటుందన్నది ఒక్కటే చూస్తే లెక్క తప్పుతుంది. కార్లో ఎవరెవరు ఉన్నారు, అక్కడ ఎన్ని రాత్రులు ఉంటారు అన్నదే అసలు సంగతి. నా మాట ముందే చెప్పేస్తాను: లాంగ్ వీకెండ్ అయితే గాల్వెస్టన్, నాలుగు రాత్రులో అంతకన్నా ఎక్కువో దొరికితే సౌత్ పాడ్రే.

హ్యూస్టన్ నుంచి గాల్వెస్టన్ 50 మైళ్లు, గంట ప్రయాణం. పొద్దున టిఫిన్ తిని బయల్దేరి రాత్రి భోజనానికి ఇంటికి వచ్చేయొచ్చు. డాలస్ వాళ్లకి దాదాపు 5 గంటలు. సౌత్ పాడ్రే అలా కాదు. టెక్సాస్ దక్షిణపు కొసన, మెక్సికో సరిహద్దుకి దగ్గర్లో ఉంటుంది. హ్యూస్టన్ నుంచి 6 గంటలు, డాలస్ నుంచి ఆగకుండా నడిపితేనే 9 గంటలు. పిల్లలున్న కారు ఆగకుండా వెళ్లడం ఎక్కడా చూడలేదు. శుక్రవారం సాయంత్రం ఆఫీసు అయ్యాక డాలస్‌లో బయల్దేరి, సోమవారం పొద్దున మీటింగ్‌కి కూర్చోవాలనుకునేవాళ్లకి మిగిలేది సముద్రం కాదు, నడుం నొప్పి. దగ్గర్లోని హార్లింజెన్‌కో బ్రౌన్స్‌విల్‌కో విమానంలో వెళ్లి కారు అద్దెకు తీసుకుంటే ఈ బాధ తప్పుతుంది. అయితే ఐదారుగురి టికెట్లు, కారు అద్దె కలిపి చూసుకుని మరీ నిర్ణయించుకోండి.

ఇక నీళ్ల సంగతి. గాల్వెస్టన్ నీళ్లు గోధుమ రంగులో ఉండేది చెత్త వల్ల కాదు, ఒండ్రు వల్ల. మిసిసిపీ, ట్రినిటీ, బ్రాజోస్ లాంటి నదులు తెచ్చే సన్నటి మట్టి ఆ తీరమంతా పరుచుకుని ఉంటుంది. అక్కడ సముద్రం లోతు తక్కువ కాబట్టి ప్రతి అల ఆ మట్టిని మళ్లీ పైకి లేపుతుంది. గాలి పడిపోయిన రోజు అక్కడ కూడా నీళ్లు ఆకుపచ్చగా కనిపిస్తాయి, కాకపోతే ఆ రోజు మీరు వెళ్లిన రోజే కావాలిగా! సౌత్ పాడ్రే దగ్గర వానలు తక్కువ, పెద్ద నదుల ఒండ్రూ తక్కువ. రియో గ్రాండే నది నీళ్లు సముద్రం చేరేలోపే చాలావరకు పొలాలకీ ఊళ్లకీ వెళ్లిపోతాయి. అందుకే అక్కడ నీళ్లు తేటగా ఉంటాయి, ఇసుక తెల్లగా, మెత్తగా ఉంటుంది. ఫొటోల కోసం వెళ్లేవాళ్లు దీని గురించి ఇంక ఆలోచించక్కర్లేదు.

చిన్న పిల్లలున్నవాళ్లు నీళ్ల రంగు కన్నా ముందు చూసుకోవాల్సింది మరొకటుంది. గాల్వెస్టన్‌లో చాలా హోటళ్లు సీవాల్ (సముద్రాన్ని ఆపే గోడ) వెంబడి పోయే సీవాల్ బులెవార్డ్ రోడ్డుకి ఊరివైపున ఉంటాయి, బీచ్ ఏమో రోడ్డుకి అవతల. అంటే ఒక చేత్తో స్ట్రోలర్, ఇంకో చేత్తో కూలర్, భుజాన తువ్వాళ్ల సంచితో వరసల కొద్దీ కార్లు పరిగెత్తే రోడ్డు దాటాలి, తర్వాత గోడ మెట్లు దిగాలి. ఇసుకలోకి దిగాక పాపకి బాత్రూమ్ గుర్తొస్తే మళ్లీ అదే దారి. సౌత్ పాడ్రేలో బీచ్ వైపు కాండోలు నేరుగా ఇసుక ఒడ్డునే ఉంటాయి. లిఫ్ట్ దిగి చెక్కబాట మీద నాలుగడుగులు వేస్తే సముద్రం. ఎండకి తట్టుకోలేని అమ్మమ్మ బాల్కనీలో కూర్చుని మనవలు ఆడుకోవడం చూస్తుంది. గాల్వెస్టన్‌లో ఈ సుఖం కావాలంటే సీవాల్ దాటి పడమటి వైపున్న బీచ్ ఇళ్లు చూడండి, లేదా కారు పార్కింగ్, లైఫ్‌గార్డులు ఉండే స్టూవర్ట్ బీచ్‌కి వెళ్లండి. అక్కడ మద్యం అనుమతించరు కాబట్టి కుటుంబాలే ఎక్కువ.

అయితే సౌత్ పాడ్రేలో గాలి మామూలుగా ఉండదు. ముఖ్యంగా మార్చి, ఏప్రిల్‌లలో గొడుగు నిలబడదు, పులిహోర డబ్బా మూత తీశారంటే ముద్దకో ఇసుక రేణువు. కైట్‌బోర్డింగ్ చేసేవాళ్లకి అది స్వర్గం, చాప పరుచుకుని కూర్చుందామనుకునే మనకి కాదు. పైగా మార్చిలో స్ప్రింగ్ బ్రేక్ కాలేజీ జనం దిగుతారు. ఆ రెండు మూడు వారాలు పిల్లలతో అటు వెళ్లకపోవడమే మంచిది. గాలి మరీ ఎక్కువైన రోజు ద్వీపానికి అవతలి పక్కన లగూనా మాద్రే అనే ఉప్పునీటి కయ్య ఉంది. లోతు తక్కువ, అలలు దాదాపు ఉండవు, సముద్రం కన్నా ఉప్పగా ఉండే నీళ్లు. చిన్నపిల్లలు అక్కడే హాయిగా ఆడుకుంటారు.

సముద్రం కాకుండా ఇంకేం ఉన్నాయి అంటే గాల్వెస్టన్‌దే పైచేయి. వాన పడితే మూడీ గార్డెన్స్ గాజు పిరమిడ్లలో రోజంతా గడిచిపోతుంది. బొలీవార్ ద్వీపకల్పానికి వెళ్లే ఫెర్రీ ఉచితం. కారుతో సహా ఎక్కి, పైడెక్ మీద నిలబడితే డాల్ఫిన్లు కనబడే అవకాశం బాగానే ఉంటుంది. చరిత్ర ఇష్టపడే నాన్నగారు ఉంటే 1900 సెప్టెంబర్ 8 తుఫాను కథ చెప్పండి. కనీసం 6,000 మంది పోయారు, ఇప్పటికీ అమెరికా చూసిన అతి ఘోరమైన ప్రకృతి విపత్తు అదే. ఆ తర్వాతే సీవాల్ కట్టారు, ఇసుక పోసి ఊరి మట్టాన్నే పైకి లేపారు, ఇళ్లని జాకీల మీద ఎత్తి మరీ. దారిలో కాస్త పక్కకి తిరిగితే పియర్‌ల్యాండ్ మీనాక్షి అమ్మవారి గుడి. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లకి బీచ్ కన్నా అదే ఎక్కువ గుర్తుండిపోతే ఆశ్చర్యపోకండి.

సౌత్ పాడ్రేలో ఇన్ని లేవు, కానీ తాబేళ్లున్నాయి. "టర్టిల్ లేడీ" అని పేరు పడ్డ ఐలా లోచర్ 1977లో మొదలుపెట్టిన తాబేళ్ల సంరక్షణ సంస్థ సీ టర్టిల్ ఇంక్ అక్కడే ఉంది. 2021 ఫిబ్రవరి చలికి కొయ్యబారిపోయిన తాబేళ్లని దాదాపు 5,000 వరకు తెచ్చి కన్వెన్షన్ సెంటర్‌లో పడుకోబెట్టి కాపాడింది వీళ్లూ, వీళ్ల వాలంటీర్లే. వేసవిలో కెంప్స్ రిడ్లీ జాతి తాబేలు పిల్లల్ని తెల్లవారుజామున సముద్రంలోకి వదిలేటప్పుడు జనాన్నీ రానిస్తారు. తేదీ ముందుగా చెప్పరు, గుడ్ల నుంచి పిల్లలు ఎప్పుడు బయటికొస్తే అప్పుడే. జూన్, జులైల్లో నాలుగైదు రోజులుంటే దొరికే అవకాశం ఉంది, రెండు రోజులకి వెళ్తే అదృష్టమే. ద్వీపం దక్షిణపు కొసన ఐలా బ్లాంకా పార్క్ నుంచి అవతల స్పేస్ఎక్స్ రాకెట్ స్థావరం కనిపిస్తుంది. ప్రయోగం చూడాలని మాత్రం ట్రిప్ ప్లాన్ చేయకండి, ఆ తేదీలు మారుతూనే ఉంటాయి.

సౌత్ పాడ్రేకి కారులో వెళ్తే రెండు జాగ్రత్తలు. కింగ్స్‌విల్ దాటాక హైవే 77 పెద్ద పెద్ద రాంచ్‌ల మధ్య నుంచి పోతుంది. సారిటా తర్వాత చాలా దూరం పెట్రోలు బంకే ఉండదు. పెట్రోలూ, పిల్లల బాత్రూమూ కింగ్స్‌విల్‌లోనే చూసుకోండి. రెండోది ఇంకా ముఖ్యం. తిరుగు ప్రయాణంలో సారిటా దగ్గర బోర్డర్ పెట్రోల్ చెక్‌పోస్ట్ ఉంది, ఉత్తరం వైపు వెళ్లే ప్రతి కారునూ ఆపుతారు. "మేం మెక్సికో వెళ్లలేదు కదా" అంటే కుదరదు. హెచ్1బీ మీద ఉన్నా, హెచ్4 అయినా, గ్రీన్ కార్డు అయినా, విజిటర్ వీసా మీద వచ్చిన అత్తయ్యా మామయ్యా అయినా పాస్‌పోర్ట్, ఐ-94 (అమెరికాలోకి వచ్చినట్టు నమోదు) ప్రింట్, ఎవరి కార్డు వాళ్ల దగ్గర ఉండాలి. ఇంట్లో లాకర్‌లో పెట్టి ఫోన్‌లో ఫొటో చూపిస్తాం అనుకోవద్దు. గాల్వెస్టన్ ట్రిప్‌లో ఇలాంటి చెక్‌పోస్ట్ లేదు. కుటుంబంలో ఎవరి స్టేటస్ కాగితాలైనా ఇంకా తేలకుండా మధ్యలో ఉంటే, లాయర్‌తో మాట్లాడేదాకా నేనైతే సౌత్ పాడ్రే మాట ఎత్తను.

తిండికి ఎటు వెళ్లినా రొయ్యలూ చేపలూ తినేవాళ్లకి పండగే. శాకాహారులకి బీన్ టాకోలు, పిజ్జాలు. గాల్వెస్టన్‌లో విసుగొస్తే హ్యూస్టన్ పక్కనే ఉంది. సౌత్ పాడ్రేలో కిచెన్ ఉన్న కాండో తీసుకుని రైస్ కుక్కర్, పచ్చడి, పెరుగు తోడు పట్టుకెళ్లడమే తెలివి.

ఈత గురించి మొహమాటం లేకుండా చెప్పాలి. మనలో చాలామందికి ఈత రాదు, వచ్చినా పూల్‌లో నేర్చుకున్నదే. రెండు చోట్లా రిప్ కరెంట్లు (ఒడ్డు నుంచి లోపలికి లాగేసే ప్రవాహాలు) ఉంటాయి. గాల్వెస్టన్ సీవాల్ ముందు సముద్రంలోకి పొడుచుకొచ్చిన రాతి కట్టల పక్కన నీటి లాగుడు ఎప్పుడూ ఉంటుంది, అటు వెళ్లొద్దు. గాల్వెస్టన్ ద్వీపం పడమటి కొస శాన్ లూయీ పాస్ ప్రశాంతంగా కనిపించినా చాలామందిని మింగిన చోటు. ఎర్రజెండా ఉంటే మోకాలు దాటి దిగకండి. ఊదారంగు జెండా అంటే జెల్లీఫిష్ లాంటివి ఉన్నాయని.

ఆస్టిన్, శాన్ ఆంటోనియో వాళ్లు ఈ రెండింటి మధ్య కొట్టుకోకుండా పోర్ట్ అరాన్సాస్ అనే ఇంకో బీచ్ ఊరు కూడా చూడొచ్చు. నీళ్లు గాల్వెస్టన్ కన్నా నయం, దూరం సౌత్ పాడ్రే కన్నా తక్కువ.

నెలల్లో నా ఓటు మే చివరికో, అక్టోబర్ మొదటికో. ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా కొన్ని వారాలు సర్గాసమ్ నాచు ఒడ్డుకి కొట్టుకొచ్చి కుళ్లిన వాసన వేస్తుంది, ఇందులో రెండు ద్వీపాలకీ తేడా లేదు. హరికేన్ సీజన్ జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా. ఆగస్టు, సెప్టెంబర్‌లకి బుక్ చేస్తే డబ్బు వెనక్కిచ్చే బుకింగే తీసుకోండి, కాస్త ఎక్కువైనా సరే.