సింగపూర్‌లో ‘మనవాడి’ దగ్గర థీమ్ పార్కు టికెట్లు కొనబోయే వాళ్ళకు జాగ్రత్త

సింగపూర్ వెళ్తున్నవాళ్ళు, ముఖ్యంగా లిటిల్ ఇండియాలో బస చేసేవాళ్ళు, యూనివర్సల్ స్టూడియోస్ థీమ్ పార్కు టికెట్లు కొనేముందు ఇది చదవండి. ఈ రోజు పొద్దున జరిగింది. చాంగీ విమానాశ్రయంలో కూర్చుని రాస్తున్నాను. కోపం ఇంకా దిగలేదు, తప్పులుంటే సర్దుకోండి.

నిజానికి ఈ రోజుకు మేము ఏమీ అనుకోలేదు. రాత్రికి హైదరాబాద్ విమానం, అప్పటిదాకా ముస్తఫా దుకాణంలో చాక్లెట్లు, టైగర్ బామ్ డబ్బాలు కొనుక్కుని పెట్టెలు సర్దుకోవడమే పని. ఇడ్లీ తింటుంటే మా చిన్నవాడు, ‘ఇంత దూరం వచ్చి యూనివర్సల్ ముందున్న ఆ తిరిగే గ్లోబు చూడకుండానే వెళ్ళిపోతామా?’ అన్నాడు. అప్పటికప్పుడు బయల్దేరాం. ఆ పార్కులో ‘మమ్మీ’ అనే రైడు ఎక్కాలంటే 122 సెంటీమీటర్ల ఎత్తుండాలని ఎక్కడో చదివాడట. హోటల్ గది తలుపుకు ఆనుకుని నిలబడి వాళ్ళ అక్కతో కొలిపించుకున్నాడు. 124 వచ్చింది. దారంతా అదే అంకె చెబుతూ నడిచాడు.

ఆ కొట్టు మీలో చాలామందికి తెలిసే ఉంటుంది, పేరు రాయను. సెరాంగూన్ రోడ్డు పక్క సందులో సిమ్‌కార్డులు, టూర్ టికెట్లు అన్నీ ఒకే బల్ల మీద పెట్టుకుని కూర్చుంటాడు. మేము తెలుగులో మాట్లాడుకోవడం విని, ‘ఏ ఊరు అక్కా మీది?’ అన్నాడు. ఏలూరు అనగానే, ‘మా అత్తగారిది భీమడోలు!’ అన్నాడు. అంతే, కరిగిపోయాం. భీమడోలు అంటే మాకు పక్క ఊరే లెక్క. పరాయి దేశంలో పక్క ఊరి అల్లుడు దొరికాడు, ఇంకేం కావాలి?

పార్కు గేటు దగ్గర టికెట్టు పెద్దలకు 80 సింగపూర్ డాలర్ల పైనే. తన దగ్గర పెద్దలకు 65, పిల్లలకు 45 అన్నాడు. నలుగురికి 220 డాలర్లు, మన డబ్బులో 15 వేల రూపాయల దాకా. కార్డు మెషీన్ పాడైంది, నగదే ఇమ్మన్నాడు. రసీదు అడిగితే, ‘మనలో మనకు రసీదు ఏమిటక్కా!’ అని నవ్వాడు. నేనూ నవ్వాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. 22 ఏళ్ళుగా బ్యాంకులో చెక్కుల మీద సంతకాలు సరిచూసే ఉద్యోగం నాది. ఒక్క అక్షరం వంకర పోయినా వెనక్కి పంపేస్తానని మా శాఖలో నాకు మంచి పేరు. అలాంటి దాన్ని, అతనిచ్చిన టికెట్ల కాగితాన్ని చూడనైనా చూడకుండా నాలుగు మడతలు పెట్టి చేతిసంచిలో వేసుకున్నాను.

హార్బర్‌ఫ్రంట్ దాకా మెట్రో, అక్కడి వివోసిటీ మాల్ మూడో అంతస్తు నుంచి, పార్కు ఉన్న సెంటోసా దీవికి మోనోరైలు. గేటు దగ్గర అమ్మాయి కోడ్ స్కాన్ చేసింది. రాలేదు. మళ్ళీ చేసింది. తర్వాత కాగితం నా వైపు తిప్పి, వేలు పెట్టి చూపించింది. నాలుగు కోడ్‌లు, వాటి కింద సన్నటి అంకెలు. నాలుగింటి కిందా ఒకే నంబరు. ఆ ఒక్క టికెట్టు మీద కూడా ఎవరో అప్పటికే లోపలికి వెళ్ళిపోయారట. ఆ అమ్మాయి పాపం తన తప్పేదో ఉన్నట్టు రెండుసార్లు క్షమాపణ చెప్పింది.

అతనికి ఫోన్ చేశాను. ‘చెప్పండి అక్కా’ అన్నాడు. సంగతి చెప్పాను. కాసేపు మాట లేదు. తర్వాత వచ్చిన మాట ఇంగ్లీషులో ఉంది, ఎవరు మీరు అని. ‘తమ్ముడూ, నేను, ఏలూరు అక్కను. ఇందాకే కదా టికెట్లు కొన్నాం’ అన్నాను. మీ భాష నాకు అర్థం కావడం లేదు మేడమ్, ఇంగ్లీషులో చెప్పండి అన్నాడు, ఇంగ్లీషులోనే. భీమడోలు అల్లుడికి గంటన్నరలో తెలుగు రాకుండా పోయింది! మా వారు ఫోన్ లాక్కుని చక్కటి ఇంగ్లీషులో గట్టిగా అడిగారు. అప్పుడు మళ్ళీ తెలుగు వచ్చింది. ‘చదువుకున్నవాళ్ళే కదా, చూసుకుని కొనుక్కోవాలి’ అని పెట్టేశాడు. 15 వేలు పోయాయి, సరే. ఆ వాక్యం మాత్రం చెవిలోంచి పోవడం లేదు, పైగా అందులో అబద్ధం కూడా లేదు.

కార్డు మీద మళ్ళీ టికెట్లు కొందామని మా వారు అన్నారు. మరో 300 డాలర్లకు దగ్గర, సాయంత్రానికి వెనక్కి రావాలి. వద్దన్నది నేనే. పంతం ఎవరి మీదో, శిక్ష ఎవరికో. పిల్లలు గ్లోబు ముందు ఫొటో దిగారు. గోడ అవతల రైడ్ల మీద జనం కేకలు వినిపిస్తుంటే చిన్నవాడు ఒక్క మాట కూడా అనలేదు. గోల చేసి ఉంటే బాగుండేది. సిలోసో తీరంలో ఇసుకలో కాసేపు కూర్చుని లేచాం.

తిరిగి కొట్టుకు వెళ్తే బల్ల దగ్గర వేరే కుర్రవాడున్నాడు. యజమాని సరిహద్దు దాటి మలేషియాలోని జోహోర్ వెళ్ళాడట, ఎప్పుడొస్తాడో తెలియదట. అతను మాతో మాట్లాడుతూనే ఇంకొకరి కార్డు గీస్తున్నాడు. పొద్దున పాడైన మెషీన్ భేషుగ్గా పనిచేస్తోంది.

పోలీసులకు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను. చిన్న మొత్తాల తగాదాలు తీర్చే స్మాల్ క్లెయిమ్స్ ట్రైబ్యునల్‌కు పర్యాటకులు కూడా వెళ్ళవచ్చని హోటల్‌లో చెప్పారు. రసీదు లేదు, కార్డు లావాదేవీ లేదు, ఏం పట్టుకుని వెళ్ళను? భీమడోలు పేరు సాక్ష్యం చెబుతుందా?

సరే, మీరైనా పార్కు సొంత వెబ్‌సైట్‌లోనో, గేటు దగ్గరో కొనండి. కార్డుతో కట్టండి. కోడ్‌ల కింద అంకెలు కళ్ళజోడు పెట్టుకుని చదవండి. మోనోరైలుకు మనిషికి 4 డాలర్లు వెళ్ళేటప్పుడే తీసుకుంటారు, వచ్చేటప్పుడు ఉచితం. ఈ రోజు మాకు కలిసొచ్చింది అదొక్కటే.